రాయి చుట్టుకొని రాదు

మా మనవరాలు దారానికి కట్టి గిరగిరా తిప్పి వదిలిన రబ్బరు ముక్క ఫ్రిజ్జుకు తగిలి, అక్కడి నుంచి ఎగిరొచ్చి నా కాఫీలో పడింది. మదనపల్లెలో టమాటా లారీల హారన్లతో తెల్లవారే ఇల్లు మాది. రోజు మొత్తంలో నాకు నెమ్మదిగా దొరికేది ఆ కాఫీ ఒక్కటే. నోటికొచ్చినట్టు తిట్టడానికి లేచాను.

"తిట్టొద్దవ్వా, ఇది ఫిజిక్సు" అంది తొమ్మిదో తరగతి దొరసాని.

"చదువు పేరు చెప్పి ఇల్లు కూలగొడతావా?" అని పుస్తకం లాక్కున్నాను. ఇప్పటి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు. తెలుగు పేజీ చూశాను. వడి, వేగం, జడత్వం. అన్నీ నా పాత పగవాళ్ళే. ఆ కింద ఒక బొమ్మ. పిల్లవాడొకడు తాడుకు రాయి కట్టి తలపైన తిప్పుతున్నాడు. తాడు వదిలేస్తే రాయి ఎటు పోతుందని ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆ జవాబు కోసం ఒక మనిషి చెయ్యి పోయింది. మళ్ళీ కూర్చుని, రబ్బరు తీసి పారేసి, ఆ కాఫీనే తాగాను.

మాది పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారికి లోపల, బస్సు ఆగుతుందో లేదో డ్రైవరు మనసును బట్టి ఉండే పల్లె. నేను నడక నేర్చేలోపే నాయన పోయాడు. ఇక మిగిలింది అమ్మ, అవ్వ, అన్న, నేను, ఒక సజ్జ చేను. అన్న నాకంటే పెద్దవాడే అయినా తొమ్మిదో తరగతి తప్పి తప్పి నా కోసం ఆగాడు. ఇద్దరం ఒకే తరగతి.

సజ్జ కంకి పాలు పోసుకునే కాలం వచ్చిందంటే పిట్టలకూ మాకూ యుద్ధమే. బడికి పోయే ముందు వంతులేసుకుని మంచె ఎక్కేవాళ్ళం. మంచుకు తడిసిన సజ్జ ఆకుల వాసన, కింద అవ్వ వేసిన మంటలో కంకులు కాలే వాసన. అవ్వ ఆ వేడి కంకులను గోనెపట్టా మీద నలిపి, పొట్టు ఊది, పచ్చటి గింజల్లో బెల్లం కలిపి మా దోసిళ్ళలో పోసేది. ఊచబియ్యం అంటాం దాన్ని. నోట్లో వేసుకుంటే పాలు చిమ్మేవి. ఇప్పుడు ఎంత పెట్టి కొందామన్నా ఆ రుచి దొరకదు. మా ఊళ్ళో సజ్జ వేసేవాళ్ళే లేరు.

మంచె మీద మా చేతిలో ఉండేది వడిసెల. కత్తాళ నారతో పేనిన రెండు తాళ్ళు, నడుమ రాయి పెట్టుకోవడానికి అల్లిన చిన్న దొప్ప. ఒక తాడు కొనను ఉచ్చులాగా వేలికి తగిలించుకుని, రెండో కొనను పిడికిట్లో పట్టుకోవాలి. తలపైన తిప్పి తిప్పి పిడికిట్లో కొన వదిలితే రాయి బుర్రున పోతుంది. మా ఊళ్ళో వడిసెలలో నన్ను మించిన పిల్లలు లేరు. అవ్వకు అది ఇష్టం లేదు. "పెండ్లి సూపులకు వచ్చినోడి తలకాయి పగలగొడతావే నువ్వు" అని మొత్తుకునేది.

పాతకాలం ఎంత బాగుండేదో అని ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది దెబ్బల కాలం. ఇళ్ళలో మగవాళ్ళ చేతుల్లో అమ్మలకు దెబ్బలు, అమ్మల చేతుల్లో మాకు దెబ్బలు, బడిలో అయివారి చేతుల్లో దెబ్బలు, బడి వదిలాక మాలో మాకు దెబ్బలు. ఎద్దు మొండికేస్తే ఎద్దుకు, బావిలో నీళ్ళు రాకపోతే పెండ్లానికి. ఊచబియ్యం మాత్రం బాగుండేది. అంతవరకు ఒప్పుకుంటాను.

అందరినీ మించిన కొట్టుడు మా సైన్సు అయివారిది. కుప్పం మనిషి. మాటలో అరవ యాస దొర్లేది. సీసా అడుగులంత మందం కళ్ళద్దాలు. అవి లేకుంటే నల్లబల్ల ఏ గోడకుందో కూడా ఆయనకు కనిపించేది కాదు. చేతిలో ఎప్పుడూ చింతబరికె. అది ఎవరి వీపున విరిగితే వాళ్ళే పోయి కొత్తది కోసుకురావాలి. సన్నది తెస్తే ఇంకా నాలుగు ఎక్కువ పడేవి. ఒకసారి ఆయన పట్టుకునే కొనకు నేను దురదగొండి నూగు పూశాను. ఆ రోజంతా అరచెయ్యి గీరుకుంటూ పాఠం చెప్పాడు. గీరుకుంటూనే కొట్టాడు కూడా.

ఆయన పాఠం ఏదైనా ఒకే ప్రశ్నతో మొదలయ్యేది.

"వడికి దిక్కుందా?"

"లేదు సార్!"

"వేగానికి?"

"ఉంది సార్!"

ఎంత దూరం ఎంతసేపట్లో పోయావో చెబితే అది వడి. ఏ దిక్కుకు పోయావో కూడా కలిపి చెబితేనే వేగం. "పుంగనూరులో బస్సెక్కినా, బస్సు గాలి మాదిరి పోతాండాది అంటే నాకేం తెలుస్తుందప్పా? నువ్వు మదనపల్లెకు పోతాండావా, పలమనేరుకు పోతాండావా?" అని అడిగేవాడు. దిక్కు లేని వడి లెక్కల్లోకి పనికొస్తుంది గానీ ఊరు చేరడానికి పనికిరాదనేవాడు.

అన్నకు ఈ రెండూ ఎప్పుడూ తారుమారయ్యేవి. ఒక రోజు అయివారు లేపి, "వడికి దిక్కు యాల లేదో సెప్పరా" అన్నాడు. అన్న లేచి, "నాయన లేని నాకే దిక్కు లేదు, ఇంక వడికి యాడ నుంచి వస్తాది సార్?" అన్నాడు. తరగతి పగలబడి నవ్వింది. అయివారు నవ్వలేదు. బరికె విరిగేదాకా కొట్టాడు. కొత్త బరికె కోసుకురావడానికి అన్న బయటికి నడుస్తుంటే పిక్కల మీద రక్తపు చారలు కనపడ్డాయి. ఈ మనిషి చెయ్యి పడిపోతే పొంగళ్ళు పెడతానని ఆ సాయంత్రమే గంగమ్మకు మొక్కుకున్నాను. గంగమ్మ ఏ మొక్కులు వింటుందో, ఏవి వినదో ఎవరికి తెలుసు.

మా చేనికి అవతల ఊరి ప్రెసిడెంటు జొన్నచేను. రెండింటి నడుమ బడికి పోయే మట్టిదారి. బడికి పోతుంటే కుడి పక్క మాది, ఎడమ పక్క ఆయనది. ఆయన చేనిలోనూ మంచె ఉంది. ఆయన పెద్దకొడుకు పదో తరగతి. ఊళ్ళోకి వచ్చిన మొదటి కొత్త సైకిలు వాడిదే. అవసరం ఉన్నా లేకున్నా గంట కొట్టుకుంటూ పోయేవాడు.

ఆ పొద్దు మా మంచె మీద అన్న వంతు. నేను కింద సద్ది మూట కట్టుకుంటున్నాను. సైకిలు గంట వినబడింది, ఠక్కున ఆగిపోయింది. ఆ వెంటనే కేక. పరుగెత్తి చూస్తే ప్రెసిడెంటు పెద్దకొడుకు సైకిలుతో సహా మా గట్టు పక్కన పడి ఉన్నాడు. ఎడమ కంటిని రెండు చేతులా మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారుతోంది.

"ఎవురే కొట్టింది? నేను ముందుకే సూస్తా పోతాంటి" అని అరిచాడు. ఆ అరుపుకు జనం వచ్చారు. వాణ్ణి బండిలో వేసుకుని తార్రోడ్డుకు, అక్కడి నుంచి బస్సులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ కన్ను దక్కలేదు.

బండి వెంట తల్లి పోయింది. ప్రెసిడెంటు పోలేదు. ఆయన మా మంచె దగ్గరికి వచ్చాడు. పిల్లవాడు మా గట్టు పక్క పడ్డాడు, మంచె మీద అన్న ఉన్నాడు, అన్న చేతిలో వడిసెల ఉంది. ఇంకేం కావాలి? అన్న కాలు పట్టి మంచె మీద నుంచి కిందికి లాగారు. పడినవాణ్ణి పడినట్టే ఈడ్చుకుపోయి, ఆయన కళ్ళంలో ఎద్దులను కట్టే రాటకు కట్టారు.

చెర్నాకోలతో కొట్టారు. అన్న చొక్కా పీలికలైంది, తర్వాత చర్మం పీలికలైంది. కాళ్ళ మీద పడిన అమ్మను ఒకడు కాలితో తోశాడు. అవ్వ దోసిళ్ళతో మన్నెత్తి పోస్తూ వాళ్ళ వంశమంతా మట్టి కలవాలని శాపాలు పెట్టింది. "నేను కొట్టలే అయ్యా, నేను అప్పుడు రాయే పెట్టలే" అని అన్న అంటూనే ఉన్నాడు. దెబ్బకొకసారి ఆ మాట చిన్నదైపోతూ వచ్చింది.

ప్రెసిడెంటు చివరికి చెర్నాకోల పారేసి, "కన్ను తీసిన సెయ్యి ఉండకూడదు. రోకలి తేండి" అన్నాడు. ఒకడు రోకలి కోసం ఇంట్లోకి పోయాడు. ఇద్దరు అన్న కుడి చెయ్యి విప్పి, దొర్లించుకొచ్చిన రాతి మీద పరిచి పట్టుకున్నారు.

నేను అన్న దగ్గరికి పోలేదు. వెనక్కి తిరిగి, కూతవేటు దూరంలో ఉన్న బడికి పరుగెత్తాను. ఆలోచించి చేసిన పని కాదు. ప్రెసిడెంటు కంటే గట్టిగా కొట్టగలిగినవాడు నాకు తెలిసి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

"అయివోరూ, మా అన్న సెయ్యి ఇరగ్గొడతాండారు" అన్నాను. ఏమిటి, ఎందుకు అని ఆయన అడగలేదు. బరికె చేతిలో ఉండగానే సైకిలెక్కి, నన్ను వెనక కూర్చోమన్నాడు. దారి పొడుగునా జరిగింది చెప్పాను.

కళ్ళంలో దిగుతూనే, "అందరూ కూర్చోండి!" అని అరిచాడు. అక్కడున్న పడుచువాళ్ళలో సగం మంది ఆయన దెబ్బలు తిన్నవాళ్ళే. ఇద్దరు ముగ్గురు నిజంగానే కూర్చుని, తర్వాత సిగ్గుపడి లేచారు. రోకలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు.

"ఏ కన్ను పోయిందప్పా?" అని అడిగాడు అయివారు.

"ఎడమ కన్ను" అన్నారెవరో.

"పిల్లోడు ఎటు పోతాండె?"

"బడికే."

"బడికి పోతాంటే ఈళ్ళ సేను ఏ పక్క?"

కుడి పక్కని అందరికీ తెలుసు. ఎడమ పక్క చేను ఎవరిదో తెలుసు. ఆ చేని మంచె మీద ఆ పొద్దు ఎవరున్నారో కూడా తెలుసు. ప్రెసిడెంటు చిన్నకొడుకు, మీసాలు కూడా రాని పిల్లవాడు, నాయన వెనక నక్కి ఉన్నాడు.

"దెబ్బ ఎడమ పక్క నుంచి వచ్చింది. దానికే పిల్లోడు కుడి పక్కకు పడినాడు" అన్నాడు అయివారు.

ప్రెసిడెంటు ముఖం నల్లబడింది. "వడిసెల రాయి సుట్టుకోని పోతాదయ్యా! గిరగిరా తిప్పి ఇడిస్తే గిరగిరానే పోతాది. ఈడి రాయి దావ దాటి ఆ పక్కకి పొయ్యి, తిరుక్కోని వచ్చి తగిలింది" అన్నాడు.

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. "అవునప్పా, తిప్పింది తిరుక్కోనే గదా పోతాది" అని ఒక ముసలాయన తల ఊపాడు. ఆ పక్కవాడూ ఊపాడు. అందరూ చిన్నప్పటి నుంచి పిట్టలకు రాళ్ళు విసిరినవాళ్ళే. రాయి ఎట్లా పోతుందో వాళ్ళ చేతులకు తెలుసు. పెద్దమనిషి ముందు నోళ్ళకే తెలియలేదు.

"తాడు పట్టి లాగినంతసేపే రాయి తిరుగుతుంది" అన్నాడు అయివారు, తరగతిలో చెప్పినట్టే. "తాడు ఇడిస్తే ఇంక దాన్ని తిప్పేదానికి ఏముండాది? ఇడిసినప్పుడు ఏ దిక్కుకు పోతా ఉండాదో ఆ దిక్కుకు తిన్నగా పోతుంది. పోంగపోంగా నేలకు దిగుతుంది. పక్కకు మాత్రం తిరగదు."

"ఆ పుస్తకం మాటలు బళ్ళో సెప్పుకో పో."

"శరి. మాటలు వద్దు."

కళ్ళం నడుమ పెద్ద గడ్డివామి ఉంది. అయివారు కళ్ళద్దాలు తీసి, చొక్కా కొనతో తుడిచి, నా చేతికిచ్చాడు. బరికె కూడా ఇచ్చాడు. "గట్టిగా పట్టుకో మే" అన్నాడు. తర్వాత గడ్డిని తడుముకుంటూ వామి వెనక్కి పోయి నిలబడ్డాడు. మాకు ఆయన కనపడడు, ఆయనకు మేము కనపడము. మాట మాత్రం వినబడింది.

"మీ జీతగాన్ని ఆ పక్క నిలబెట్టండి. వామి మీద నుంచి కాదు, పక్క నుంచి కొట్టమనండి. రాయి సుట్టుకోని వచ్చి నాకు తగిలిందంటే ఆ పిల్లోడి సెయ్యి మీది. తగలకుంటే కట్లు ఇప్పండి."

ఆయన పందెంలో పెట్టింది మా అన్న చెయ్యి. అన్న వడికీ వేగానికీ తేడా తెలియనివాడే, కానీ ఆ మాట అర్థమైంది. రాతి మీద పరిచిన వేళ్ళు ముడుచుకోవాలని చూశాయి. పట్టుకున్నవాళ్ళు ముడుచుకోనివ్వలేదు.

జీతగాడు బలమైనవాడు. యజమాని కళ్ళలో పడాలని నిండా ఆశ ఉన్నవాడు. గుప్పెడంత రాయి పెట్టి తిప్పాడు. అది వామి పక్కగా దూసుకుపోయి కంచెలో పడింది. "తగల్లేదు" అని వామి వెనక నుంచి హాజరు పలికినట్టు వినబడింది. ఇంకో రాయి. "తగల్లేదు." వామి అంచునే రాసుకునేలా కొట్టాడు. గడ్డి ఎగిరింది, రాయి నేరుగా పోయి దూరాన ఉన్న బండకు తగిలి పగిలింది. "తగల్లేదు." ప్రతి రాయికీ అన్న కళ్ళు గట్టిగా మూసుకునేవాడు.

"ఇంకా తిప్పరా, బాగా తిప్పు!" అని ప్రెసిడెంటు అరిచాడు. జీతగాడు ఇంకా తిప్పాడు. వడి పెరిగింది. దిక్కు మారలేదు.

చివరికి జీతగాడు వడిసెల కింద పడేసి, చెమట తుడుచుకుంటూ, "రాదయ్యా. నేరుగానే పోతాండాది" అన్నాడు.

జనం ముఖాలన్నీ ఒక్కటొక్కటిగా చిన్నకొడుకు వైపు తిరిగాయి. వాడు భోరున ఏడ్చాడు. "నాయనా, నేను పిట్టకే కొట్నా. అన్న వస్తాండాడని సూడలే" అన్నాడు.

ప్రెసిడెంటు రోకలి లాక్కున్నాడు. కొడుకును కొడతాడనుకుని అందరూ అడ్డం పోయారు. ఆయన కొడుకు వైపు రాలేదు. వామి చుట్టూ తిరిగి వెనక్కి పోయాడు. రాయి తిరగలేదు గానీ మనిషి తిరిగాడు. పచ్చి వెదురు విరిగినట్టు చప్పుడైంది. అయివారి కేక వినబడింది. మళ్ళీ చప్పుడు, మళ్ళీ కేక. ఆ తర్వాత చప్పుడే గానీ కేక లేదు.

ఇందాక కూర్చుని లేచిన పడుచువాళ్ళే మొదట పరుగెత్తారు. ప్రెసిడెంటును వెనక నుంచి వాటేసి రోకలి లాగేశారు. ఆయన కింద కూలబడి, తలకాయ నేలకేసి కొట్టుకుంటూ, "నా బిడ్డే నా బిడ్డ కన్ను తీసినాడే" అని ఏడ్చాడు. అంత కోపంలోనూ ఆ ఏడుపు విని నాకు జాలేసింది. అమ్మ కొడవలితో అన్న కట్లు కోసింది. అన్న చెయ్యి అన్నకు ఉంది. అయివారి కుడి చెయ్యి మోచేతి కింద ఇంకో మోచెయ్యి పుట్టినట్టు వంగిపోయి ఉంది. పక్కటెముకలూ విరిగాయి. బండెక్కించేటప్పుడు నేనే ఆయన ముఖానికి కళ్ళద్దాలు పెట్టాను. వాటి మీద గీత కూడా పడలేదు.

ఆయన కేసు పెట్టలేదు. కట్టుతోనే బడికొచ్చి ఎడమ చేత్తో నల్లబల్ల మీద రాశాడు. అక్షరాలు మేకలు మేసిన కంచెలాగా వంకరటింకరగా ఉండేవి. ఒక రోజు అన్న లావుపాటి చింతబరికె కోసి, నున్నగా చెక్కి, బల్ల మీద పెట్టాడు. అయివారు దాన్ని చూసి, "ఎత్తలేనప్పా" అన్నాడు. ఎడమ చేత్తో కొట్టవచ్చు కదా అని నేను మనసులో అనుకున్నాను. ఆ తర్వాత ఆయన ఎవరినీ కొట్టినట్టు నేను చూడలేదు.

కొన్నాళ్ళకు కుప్పానికి బదిలీ అయింది. బస్సెక్కించడానికి అన్నా నేనూ రోడ్డు దాకా పోయాం. అవ్వ ఊచబియ్యం మూట కట్టిచ్చింది. కుడి చెయ్యి వంగదు, ఎడమ చేతిలో ట్రంకుపెట్టె. కమ్మి పట్టుకోవడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు. ఆయన మెట్టు మీద ఉండగానే డ్రైవరు బస్సును ఒక్క దూకు దూకించాడు. అయివారు వెనక్కి ఒరిగాడు. అన్న ఎగిరి మెట్టెక్కి, ఆయన వీపుకు రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబెట్టాడు.

"జడత్వం సార్" అన్నాడు.

చదువులో అన్న చెప్పిన మొదటి సరైన జవాబు అదే అనుకుంటాను. బస్సు ఆగలేదు. అన్నను కూడా తీసుకుపోయింది. పెద్దపంజాణిలో దిగి, పొద్దుగూకేసరికి నడిచి ఇల్లు చేరాడు. "ఏమన్నాడురా?" అని అడిగాను. "ఏమనలే. వడికి దిక్కుందా అని అడిగినాడు. లేదు సార్ అంటి. తలకాయి నిమిరినాడు" అన్నాడు. అన్న ఆ చేతులతోనే బతుకంతా లారీ నడిపాడు. తంబళ్ళపల్లె టమాటాలు తెచ్చి ఈ మదనపల్లె మార్కెట్టులోనే దించాడు.

ఇదంతా మనవరాలికి చెప్పేసరికి కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చింది. దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నది.

"ఇంతకీ ఆయన మంచోడా, చెడ్డోడా?" అని అడిగింది.

"పిల్లల్ని గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఆ దెబ్బలు నేను ఈనాటికీ క్షమించలేదు" అన్నాను. "అట్లాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు కూడా."

"రాయి తగలదని ఆయనకు గట్టిగా తెలుసు కదవ్వా?"

"తెలుసు. అనుమానమే లేదు."

"మరి కళ్ళద్దాలు తీసి నీకు ఎందుకిచ్చినాడు?"

ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో. ఎవరూ ఆ మాట అడగలేదు. నాకు నేనూ ఎప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ అద్దాలు తుడిచి నా చేతిలో పెట్టేటప్పుడు ఆయన వామి వైపు చూడలేదు, జీతగాడి వైపు చూడలేదు. ప్రెసిడెంటు వైపు చూశాడు.